డెల్బర్ట్ ప్యాంటులో దిగిన తూటా

కాటన్ స్లూ, మిస్సోరి
జూన్ 3

పైనీ రిడ్జ్ తూటాల కంపెనీ వారికి,

అయ్యా, వర్నా క్రైడర్ రాస్తున్నది. మా ఆయన డెల్బర్ట్ మిసిసిపీ నది మీద సరుకు బార్జీలు నెట్టే పడవలో ఇంజను చూస్తాడు. నెల నీళ్ళ మీద, నెల నా నెత్తి మీద. ఏప్రిల్‌లో మా వీధిలో దొంగలు పడ్డప్పటినుంచి ఆయన లేని రోజుల్లో నాకు కంటిమీద కునుకు లేదు. "నువ్విలా వణుకుతుంటే నేను పడవ మానేస్తా" అంటున్నాడు. పెన్షన్‌కి ఇంకా పద్నాలుగు నెలలే ఉంది. మానేస్తే అది పోతుంది. పైగా మనిషి ఏడాది పొడుగునా ఇంట్లోనే ఉంటాడు. ఆ రెండోది తలుచుకుంటే దొంగలే నయమనిపిస్తుంది.

అందుకని మా అమ్మ రివాల్వర్ బయటికి తీసి, మీ హాలో పాయింట్ తూటాలు ఒక పెట్టె కొన్నాను. మొనలో గుంట ఉంటుంది గనక ఒంట్లో దిగగానే విచ్చుకుని అక్కడే ఆగిపోతుందనీ, మామూలు తూటాలా మనిషినీ గోడనీ దాటి పక్క ట్రైలర్ ఇంట్లో ఉండే ప్రూయిట్ గారి వంటింట్లోకి పోదనీ కొట్టతను చెప్పాడు. పెట్టె మీద "జెలటిన్‌లో పరీక్షించినది" అని ఉంది. సరే చూద్దామని, చర్చి విందులకు నేను చేసే స్ట్రాబెరీ జెల్లీ ఒక పళ్ళెం నిండా చేసి, పెరట్లో మట్టిదిబ్బ ముందు నిలబెట్టి కాల్చాను. తూటా విచ్చుకోలేదు సరిగదా, జెల్లీని పలకరించను కూడా లేదు. వెళ్ళినది వెళ్ళినట్టే బయటికి వచ్చింది. ఇదేనా మీ పరీక్ష?

కోపంతో,
వర్నా క్రైడర్

తా.క.: బయటికి వచ్చిన తూటా దిబ్బలోకి పోకుండా గడ్డి కోసే యంత్రంలోకి పోయింది. డెల్బర్ట్‌కి ఇంకా చెప్పలేదు.

* * *

పైనీ రిడ్జ్ తూటాల కంపెనీ
జూన్ 7

శ్రీమతి క్రైడర్ గారికి,

మీ ఉత్తరం మా ఆఫీసులో అందరం చదివాం. కొందరం రెండుసార్లు.

అమ్మా, తినే జెల్లీ వేరు, పరీక్ష జెలటిన్ వేరు. రుచీ రంగూ లేని జెలటిన్ పొడి ఒక పాలు, నీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపి ఫ్రిజ్‌లో గట్టిగా పేరబెట్టాలి. అప్పుడది కండలా ఉంటుంది. తూటా అందులో కనీసం పన్నెండు అంగుళాలు దిగాలి, పద్దెనిమిది దాటకూడదు. విచ్చుకుని వెడల్పు ఒకటిన్నర రెట్లు కావాలి. ముందు నాలుగు పొరల జీన్స్ బట్ట కట్టాలి, ఎందుకంటే దొంగలు బట్టలు కట్టుకునే వస్తారు. ఆ బట్ట మొనలోని గుంటలో కూరుకుపోతే కొన్ని తూటాలు విచ్చుకోవు. అసలు పరీక్ష అదే. ఓపిక ఉంటే చేసి, తూటా పంపండి. మేం చూసి చెబుతాం.

విధేయుడు,
లాయిడ్ హెంకె
కొనుగోలుదారుల విభాగం

తా.క.: పరీక్ష అయ్యాక ఆ జెల్లీని చర్చికి మాత్రం పంపకండి.

* * *

జూన్ 12

లాయిడ్ బాబుకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. మా కొట్లో రుచిలేని పొడి సగానికే దొరికింది. మిగతా సగం స్ట్రాబెరీతో సర్దాను. జీన్స్ బట్టకి డెల్బర్ట్ ప్యాంటు మడతపెట్టాను. ఆయనకి ఇక దానితో పనిలేదులే. తూటా లోపలే ఆగింది! నేను కొలిస్తే పదమూడు అంగుళాలు. కానీ సరిగ్గా విచ్చుకుందో లేదో నాకేం తెలుసు? అందుకని తూటాని తియ్యకుండా జెల్లీతో, ప్యాంటుతో సహా అట్టపెట్టెలో పెట్టి పంపుతున్నాను. చూసి ఒక్క మాట చెప్పు, ఇది నన్ను కాస్తుందా కాయదా?

జవాబు కోసం కాచుకుని,
వర్నా క్రైడర్

తా.క.: జరిగింది డెల్బర్ట్‌కి తెలిసిపోయింది. సోమవారం నుంచి నోరు మెదపలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

* * *

జూన్ 16

శ్రీమతి క్రైడర్ గారికి,

మీ పెట్టె మూడు రోజుల ఎండలో ప్రయాణం చేసి మాకు చేరింది. అడుగునుంచి ఎర్రగా కారుతోంది. పోస్టు విప్పే డార్లీన్ అందులోంచి మగవాళ్ళ ప్యాంటు పైకెత్తి, తొడ దగ్గర చిల్లు చూసి, కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూలబడింది. అది జెల్లీయేనని నేను మొత్తుకున్నాను. అంతలో మా వకీలు గారు మీ ఉత్తరం చదివారు. ముఖ్యంగా తాజా కలం.

తూటా ఎలా పనిచేసిందో చెప్పే అధికారం ప్రస్తుతానికి నాకు లేదు. ముందుగా డెల్బర్ట్ గారు క్షేమమని ఆయన స్వహస్తంతో సంతకం చేసిన కాగితం పంపగలరు.

ఇట్లు,
లాయిడ్ హెంకె

తా.క.: ఈ ముక్క వకీలుకి చూపించలేదు. అమ్మా, ఆయన బాగానే ఉన్నాడు కదూ?

* * *

జూన్ 19

లాయిడ్ హెంకె గారికి,

నేను తూటా గురించి అడిగితే మీరు మొగుడి గురించి అడుగుతారా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఇరవై రెండేళ్ళ కిందట ఒక ట్రక్కు కాగితం మీద సంతకం పెట్టి మోసపోయిన దగ్గర్నుంచి డెల్బర్ట్ దేనిమీదా సంతకం పెట్టడు. అయినా ఆయన్ని అడగడానికి ఆయన లేస్తేగా? షెడ్డులో నేలమీద వెల్లకిలా పడున్నాడు. భోజనానికి పిలిచినా పలుకు లేదు.

ఒకటో తారీఖున పడవ బయల్దేరుతుంది. అప్పటికి నాకు ధైర్యం రాకపోతే ఆయన వెళ్ళడు. పెన్షన్ గంగలో కలుస్తుంది. మీకు అదేమీ పట్టలేదు.

ఇక సెలవు,
వర్నా క్రైడర్

తా.క.: ప్యాంటు తిరిగి పంపనక్కర్లేదు. చెప్పానుగా, పనిలేదని.

* * *

జూలై 2

లాయిడ్ బాబుకి,

మీ దగ్గర్నుంచి జవాబు లేకపోయినా రాస్తున్నాను. పోయిన గురువారం మా ఇంటికి దొంగ వచ్చాడు.

ఇన్నాళ్ళూ షెడ్డులో కింద దూరి బాగుచేస్తున్న ఆ గడ్డి కోసే యంత్రానికి భాగాల కోసం డెల్బర్ట్ ఊళ్ళోకి వెళ్ళాడు. పట్టపగలు. ఎవడో తలుపు తట్టకుండా ఇంటి వెనక్కి వెళ్ళి షెడ్డు కిటికీలోంచి తొంగిచూస్తున్నాడు. నేను రివాల్వర్ తీసి, వేలు మీటకు దూరంగా పెట్టుకుని, వెనక తలుపు వెనకనుంచి కేకేశాను. "ఒరేయ్, ఇందులో ఉన్నది హాలో పాయింట్. నాలుగు పొరల జీన్స్ దాటి పదమూడు అంగుళాలు దిగుతుంది. నేనే కొలిచాను, మా ఆయన ప్యాంటు మీద!" అన్నాను. వాడు "అమ్మా, అమ్మా" అంటూ కంచె దూకి, టోపీ వదిలేసి పరుగు. అరవై రెండేళ్ళొచ్చినా ఒక్కదాన్నే కంచె దాకా వెళ్ళి ఆ టోపీ తీసుకొచ్చాను.

డెల్బర్ట్ వచ్చి విని, మూడు వారాల తరవాత నోరు తెరిచాడు. "నీ జోలికి వచ్చేవాడిమీద నాకు జాలేస్తోంది" అన్నాడు. నిన్న పొద్దున్నే, నడుం పట్టే కొత్త ప్యాంటు వేసుకుని పడవెక్కాడు. నేను రాత్రంతా హాయిగా నిద్రపోయాను.

ఇట్లు,
వర్నా క్రైడర్

తా.క.: టోపీ దీనితోపాటు పంపుతున్నాను. లోపలి పట్టీ మీద నీ పేరు కుట్టి ఉంది. అది ఈ ఉత్తరం ముగించాకే చూశాను. మీ తూటా బాగా పనిచేసేదే బాబూ, ఇప్పుడు నాకే అనుమానమూ లేదు. అందుకే ఆ పేరు చదివాక అరగంటసేపు దేవుడికి దండం పెట్టుకున్నాను. ముక్కూ మొహం తెలియని డెల్బర్ట్ బతికున్నాడో లేడోనని నూట నలభై మైళ్ళు వచ్చావు, మా చుట్టాల్లో ఒక్కడైనా రాడు. ఈసారి ముందు తలుపు తట్టి, పేరు గట్టిగా చెప్పు. కోడి వేపుడు చేసి పెడతాను.