కొక్కేనికి నా కార్డు

ఆగస్టు 4, సోమవారం

పొట్టిదాని కార్డు మూలలు నలిగి మెత్తబడిపోయాయి. నాది నిన్న ప్రింట్ చేసినట్టు మెరుస్తోంది.

వేధింపులు ఎదుర్కొన్న అమ్మాయిలకు తోడుగా ఉండడానికి మా కాలేజీలో ఒక గది ఉంది. లైబ్రరీ వెనక, మెట్ల కింద. సోఫా, కెటిల్, గోడకు ఆరు కొక్కేలు. కొక్కేలకు వాలంటీర్ల ఫొటో కార్డులు. వచ్చిన అమ్మాయి ఎవరితో మాట్లాడాలనుకుంటే వాళ్ల కార్డు తీసి బల్ల మీద పెడుతుంది. నోరు తెరిచి అడగాల్సిన పని లేదు. ఆ పద్ధతి పెట్టింది నేను. ఆ గది కోసం రెండేళ్లు ప్రిన్సిపాల్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది నేను. పొట్టిది వాలంటీరుగా చేరి మూడు నెలలు కాలేదు, దాని కార్డు తొమ్మిదిసార్లు బల్లెక్కింది. నాది ఒక్కసారి. అదీ ఆ రోజు దానికి జ్వరం.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

ఆగస్టు 7, గురువారం

ఆడిటోరియంలో అవేర్‌నెస్ ప్రోగ్రాం. నావి నలభై స్లైడ్లు. చట్టం, సెక్షన్లు, కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలి, ఎన్నాళ్లలోపు ఇవ్వాలి, అన్నీ. వెనక వరసల్లో ఆవలింతలు. చివర్లో పొట్టిదాన్ని ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. మీ ఫ్రెండ్ మీతో ఏదైనా చెప్పుకుంటే ముందు నమ్ముతున్నానని చెప్పండి, తర్వాత నోరు మూసుకుని కూర్చోండి, అంది. అంతే. హాలు హాలంతా కదలకుండా విన్నది.

కౌన్సెలర్ మేడమ్ దాని భుజం తట్టారు. నాతో మాత్రం స్లైడ్లు కాస్త తగ్గించమ్మా అన్నారు. 

ఆగస్టు 11, సోమవారం

చెల్లి మళ్లీ ఫోనెత్తలేదు. ఒకే కాలేజీ, పక్క హాస్టల్, అయినా నా గతి మిస్డ్ కాలే.

ఆగస్టు 13, బుధవారం, సాయంత్రం ఐదున్నర

గ్రౌండ్ మెట్ల మీద చూశాను. నా సొంత చెల్లి పొట్టిదాని భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. నేను జడ ముట్టుకుంటేనే విసుక్కునే పిల్ల! అక్కడికీ దగ్గరికెళ్లి ఏంటి సంగతి అన్నాను. ఏం లేదక్కా, ఊరికే, అంది చెల్లి. తర్వాత పొట్టిదాన్ని పక్కకి పిలిచి అడిగాను. మీ చెల్లినే అడుగు అంది, అదే మెత్తటి గొంతుతో.

నా చేతిలోంచి గది పోయింది, మేడమ్ పోయారు, ఇప్పుడు చెల్లి కూడానా?

ఆగస్టు 14, గురువారం

పొట్టిదాని మీద కంప్లైంట్ రాసి కమిటీ పెట్టెలో వేశాను. గదికి వచ్చే అమ్మాయిలను వాలంటీర్లు బయట కలవకూడదని మాకు రూలుంది. గదికి వచ్చే ఫలానా అమ్మాయిని ఇది రోజూ బయట కలుస్తోందని రాశాను. చెల్లి పేరు, బ్రాంచి, హాస్టల్ రూమ్ నంబరుతో సహా. పేరు లేకపోతే కంప్లైంట్ నిలవదు.

అబద్ధమా అంటే పూర్తి అబద్ధం కాదు. జూన్‌లో నా ఛార్జర్ ఇవ్వడానికి చెల్లి ఒకసారి గదికి వచ్చింది. రావడం రావడమే కదా. ఎలాగూ మేడమ్ ఒక్కరే చదువుతారు.

ఇవాళ అన్నం బాగా తిన్నాను.

ఆగస్టు 18, సోమవారం

మేడమ్ సెలవులో ఉన్నారట. పెట్టె ఆఫీసు క్లర్కు తెరిచాడు. ఏ కంప్లైంటైనా ఆయనకు ఒకటే, రిమార్క్స్ కోసమని చెల్లి డిపార్ట్‌మెంటుకు పంపేశాడు. మధ్యాహ్నానికల్లా ల్యాబ్‌లో అందరికీ తెలిసిపోయింది. చెల్లి ఆ గదికి వెళ్తోందని.

నేను రాసిన అబద్ధం నిజం. మూడు వారాలుగా వెళ్తోందని చెల్లి రూమ్మేట్ చెప్పింది. నా డ్యూటీ లేని రోజులు చూసుకుని.

ఆ ల్యాబ్‌లోనే ఒక సీనియర్. మిగతాది రాయను, అది చెల్లిది. ఈ వారమే కంప్లైంట్ ఇద్దామని ధైర్యం కూడగట్టుకుంటోందట. ఇప్పుడు వాడికి ముందే తెలిసిపోయింది. అప్పుడే ఈ పిల్లకు పిచ్చి, ఊరికే నా వెంట పడేది అని చాటింపు మొదలుపెట్టాడు.

చెల్లి హాస్టల్ రూమ్ తలుపు తీయడం లేదు.

ఆగస్టు 19, మంగళవారం

తీయలేదు.

ఆగస్టు 20, బుధవారం

తీసింది. కంప్లైంట్ రాసింది నేనేనని చెప్పాను. నాకు తెలుసక్కా, నీ అక్షరాలు నాకు తెలీవా, అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి మొహం ఎలా వచ్చిందో! చెప్పానంది. జులైలో ఒకరోజు ఫోన్‌లో, నా ఫ్రెండ్‌కి ఇలా అయింది అని. అప్పుడు నేను సాక్షులున్నారా, స్క్రీన్‌షాట్లున్నాయా, అంతసేపు అక్కడెందుకుంది అని అడిగానట. సెక్షన్ నంబరు కూడా చెప్పానట. నాకు గుర్తే లేదు. మరి పొట్టిది ఏం చేసింది అన్నాను. గంటన్నర పక్కన కూర్చుందంట. అంతే.

అది విన్నాక కూడా ముందు పుట్టింది అసూయే. ఛీ, నా బతుకు.

ఆగస్టు 22, శుక్రవారం

ఛార్జర్ సంగతితో సహా అంతా రాసి మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివారు. లేచి వెళ్లి నా కార్డు తీసి సొరుగులో పెట్టారు. క్లర్కుకి కూడా మెమో ఇస్తారట. 

బయట పొట్టిది నిలబడి ఉంది. ఝాడించి వదిలిపెడుతుందనుకున్నాను. మీ చెల్లి రెండు రోజులుగా ఏం తినలేదు, నువ్వు తీసుకెళ్తే తింటుందేమో, అంది. తీసుకెళ్లాను. సగం తింది.

ఆగస్టు 26, మంగళవారం

చెల్లి కంప్లైంట్ ఇచ్చింది. వెనక్కి తగ్గుతుందేమోనని వారమంతా నా ప్రాణం నా దగ్గర లేదు. ఎలాగూ అందరికీ తెలిసింది, ఇంక దాచడానికేముంది, అంది. ఆ ముక్క నన్నుద్దేశించి అనలేదు. అయినా నాకు తగలాల్సిన చోటే తగిలింది.

విచారణలో పక్కన ఒక్కరినే కూర్చోనిస్తారు. ఎవరి పేరు రాసిందో నేను అడగలేదు.

సెప్టెంబర్ 2, మంగళవారం, పదకొండు ఇరవై

చెల్లి విచారణకు లోపలికెళ్లి నలభై నిమిషాలైంది. లోపల తన పక్కన పొట్టిది. వెళ్లేముందు చెల్లి తన బ్యాగు నా చేతికిచ్చి పట్టుకోమంది. కుళ్లు ఇంకా ఉంది. బ్యాగు కింద పెట్టలేదు.