నీళ్లు పడని చేప

ముదిగుబ్బ

నా చంద్రికకు,

నీ మొగుడు ఓబిలేష్ రాసుకునేది. ఈడ గొర్రెలన్నీ క్షేమం. నేను కాదు. నా ఫోన్ నెంబరు నువ్వు బ్లాక్ చేసినందుకు పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నా. "ఏమప్పా, ఉత్తరాలు రాసేవాళ్లు ఇంకా ఉండారా?" అని పోస్టుమాస్టరు నన్ను ఎగాదిగా చూసినాడు.

తప్పు నాదే. బోరు ఎండిపోయి గొర్రెపిల్లలు నాలుక బయటపెట్టి అరుస్తాంటే, నాకు కనపడిన నీళ్లు నీ గాజుతొట్టిలోవే. వంచేసినా. అందులో నీ రెండు ఎర్రచేపలు ఉండాయని నీళ్లు అయిపోయినాక గుర్తొచ్చింది. నువ్వు వాటిని దోసిట్లో ఎత్తుకొని వంటింట్లోకి పోయినావు. అరగంటకు సంచి పట్టుకొని మీ నాయన ఊరికి బస్సెక్కినావు. వాటిని ఏ చెట్టు కింద పూడ్చినావో అడిగే ముఖం నాకు లేదు.

ఇప్పుడు ట్యాంకరు వస్తాండాది. అందుకే కదిరిలో నువ్వు చేపలు కొనే జోయల్ అంగడికి పోయి కొత్త చేపను తెచ్చి తొట్టిలో వేసినా. అది రాయి వెనకాల నక్కి, రెక్కలు ముడుచుకొని, మేత ముట్టకుండా ఉండాది. మందలోకి కొత్త గొర్రె వస్తే చేసేవన్నీ చేసినా. పసుపునీళ్లు పోసినా. వేపాకు పొగ వేసినా. మనదని గుర్తుకు వీపు మీద రంగు పూద్దామంటే చేతికి చిక్కలేదు. ఇంకేం చేయాలో రాయి.

ఇట్లు,
నీ ఓబిలేష్

తా.క. పసుపు పోసినప్పటి నుంచి చేప కనపడటం లేదు. కాబట్టి ప్రస్తుతం ఎట్లుందో చెప్పలేను.

---

విడపనకల్లు

శ్రీ ఓబిలేష్ గారికి,

మీ ఉత్తరం అందినది. చేప ఆరోగ్యం గురించి మాత్రమే జవాబు వ్రాయబడుచున్నది.

ముందు ఆ పసుపునీళ్లు పారబోయండి. చేపను వేరే పాత్రలో ఒంటరిగా ఉంచండి. కొత్త నీళ్లు కొంచెం కొంచెంగా కలపాలి, ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేదు. కాస్త కల్లుప్పు వేయవచ్చును. లైటు వేయరాదు. చప్పుడు చేయరాదు. చుట్టూ చేరి చూడరాదు.

కొత్తచోటికి వచ్చిన ప్రాణికి మొదట దాక్కోవడానికి ఒక మూల కావాలి. నేను పెండ్లై వచ్చిన రోజు మీ ఇంట్లో ఆ మూల దొరకలేదు. మీవాళ్లు ముప్పైమంది కూర్చుని నేను సంగటి మింగేది చూశారు.

ఇట్లు,
చంద్రిక

తా.క. నీ నెంబరు ఎందుకు బ్లాక్ చేసినానంటే, నీ గొంతు వింటే నా కోపం దిగిపోతాది. ఇంకా కొన్నాళ్లు కోపంగా ఉండాలని ఉండాది.

---

ముదిగుబ్బ

చంద్రికకు,

నువ్వు చెప్పినట్టే చేసినా. చేపను పెద్ద బోగాణిలో వేసి పైన గొంగడి కప్పినా. ఎవరూ చూడకూడదన్నావని మా అమ్మను అక్క ఇంటికి పంపించినా. చప్పుడు వద్దన్నావని పక్కింటి తిప్పయ్యతో టీవీ గురించి కొట్లాడినా. ఇప్పుడు ఇంట్లో నేనూ, చేపా, అంతే.

అయినా దానికి తగ్గలేదు. మూడు రోజులుగా సంగటి ముట్టడం లేదు. సాయంత్రం బస్సు హారను వినపడితే పోయి వాకిట్లో నిలబడతాండాది. దండెం మీద నీ చీర ఒకటి ఉంటే దాన్ని ఎవరినీ మడతపెట్టనీయదు. బాగా చిక్కిపోయింది చంద్రీ. దీనికి మందేమి?

ఇట్లు,
ఓబిలేష్

తా.క. గడ్డం కూడా పెరిగింది.

---

విడపనకల్లు

ఓబిలేష్ గారికి,

చేప వాకిట్లో నిలబడటం ఆ జాతిలో అరుదు. అయినను మందు వ్రాస్తున్నాను.

సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి నూరి, బలవంతంగానైనా రెండు ముద్దలు తినిపించండి. గడ్డం గీయించండి. బయమ్మత్తను ఈరోజే వెనక్కు పిలిపించండి, పాపం ఆమె ఏం చేసింది? తిప్పయ్యకు క్షమాపణ చెప్పించండి.

ఇక్కడ కూడా ఒకరికి అన్నం సహించడం లేదు. మా నాయన "నీళ్లు మారినాయి కదమ్మా, అంతే" అంటాడు. పుట్టి పెరిగిన ఊర్లో నీళ్లు మారడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఇట్లు,
చంద్రిక

తా.క. ఆ చీర మడతపెట్టొద్దు. అట్లే ఉండనీ.

---

ముదిగుబ్బ

చంద్రీ,

ఇంక అబద్ధం రాయలేను. నీ మొదటి జవాబు రాకముందే చేప చచ్చిపోయింది. పసుపుకో, పొగకో తెలీదు. ఆ మాట రాస్తే నీ ఉత్తరాలు ఆగిపోతాయని భయపడినా. గొంగడి కింద ఉండేది ఉత్త నీళ్లే. అయినా రోజూ మారుస్తాండా.

నేను కరువులో పుట్టినోడిని. గ్లాసు నీళ్లు చూస్తే ఏ గొంతులో పోయాలా అనే తోస్తాది. ఆ తొట్టిలోవి నీకు నీళ్లు కావని, పొద్దున లేస్తూనే నువ్వు ఆ చేపలతో మాట్లాడుకునేదానివని నాకు ఇప్పుడు తెలిసింది. నువ్వు "మామా" అని పిలిచి ఎన్నాళ్లయిందో. నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఉండలేకపోతాండా.

ఇట్లు,
ఓబిలేష్

తా.క. గడ్డం గీయించుకున్నా. అమ్మ వచ్చింది. తిప్పయ్య క్షమించినాడు, కానీ టీవీ సౌండు ఇంకా పెంచినాడు.

---

విడపనకల్లు

మామా,

నీ చేప చచ్చిన సంగతి నాకు తెలుసు. నీ రెండో ఉత్తరం చూసి అనుమానమొచ్చి జోయల్‌కు ఫోన్ చేసినా. "అక్కా, అన్న చచ్చిన చేపను గుడ్డలో చుట్టుకొని అంగడికొచ్చి, బతికించమని ఏడ్చినాడు" అన్నాడు. తెలిసీ గడ్డం చేపకు మందు రాసినా.

నేనూ ఒకటి దాచినా. ఆరోజు దోసిట్లో ఎత్తుకుపోయిన నా చేపలు చావలేదు. బిందె అడుగున మిగిలిన నీళ్లు క్యారియర్ గిన్నెలో పోసి, వాటిని అందులో వేసి, బస్సులు మారేటప్పుడు కూడా కింద పెట్టకుండా ఈడికి తెచ్చినా. చచ్చినాయనుకొని నువ్వు బాధపడాలని చెప్పలేదు. బాధపడినావు. ఇప్పుడు నాకు బాధగా ఉండాది.

అవి ఈడ మేత సరిగా ముట్టడం లేదు. మూలన నక్కి ఉండాయి. ఈ నీళ్లు వాటికి పడలేదు. నాకూ పడలేదు. ఆదివారం మొదటి బస్సుకు రా. క్యానులో మన ఊరి నీళ్లు తీసుకురా. దారిలో ఏ గొర్రె నోరు తెరిచినా పోయొద్దు. కొంచెం కొంచెంగా కలిపి, అవి తేరుకున్నాక నలుగురం కలిసి బస్సెక్కుదాం.

నీ
చంద్రిక

తా.క. నాయన నీ మీద ఇంకా కోపంగానే ఉండాడు. రాగానే లోపలికి దూరొద్దు. కాసేపు అరుగు మీద కూర్చో, మజ్జిగ నేనే తెచ్చిస్తా. ఒక్కసారిగా నీళ్లు మారిస్తే తట్టుకోలేవు.