అవ్వ మొక్కుకున్న పుంజు

మొయినాబాద్

బిడ్డా ఎస్తేరూ, మేము బాగున్నాము. ఫోనులో నాకు మాట రాదు, అందుకే కార్డు రాస్తున్నాను.

మొన్న గండిపేట నుంచి పైలట్ సత్యప్రసాద్ గారు మన ఇంటికి వచ్చారు. మీ విమానాల కంపెనీ కొనుక్కున్న చిన్న కంపెనీలో పనిచేసేవారట. రెండూ కలిసినప్పుడు మీవాళ్లంతా ముందు, ఆయనవంటివాళ్లు ఎంత పాతవాళ్లయినా వెనుక అని వరుస వేశారట. జీతం, పదవి ఆ వరుసనుబట్టేనట. నువ్వు మీటింగులో లేచి, ఏ కంపెనీవాళ్లయినా ఎక్కువ ఏండ్లు విమానం నడిపినవాళ్లే ముందుండాలన్నావట. చివరికి అట్లనే వేశారట.

"దాంతో మీ మనవరాలి కెప్టెన్ పదవి వెనక్కి పోయిందండీ. మీకు చెప్పలేదా?" అన్నారాయన. నువ్వు ఆలస్యమవుతుందని మాత్రమే చెప్పావు. ఆయన కండ్లు తుడుచుకుంటుంటే ఇంకో చాయ్ పోశాను.

నీ దగ్గు తగ్గిందా? ఢిల్లీ చలికి చెవులు కప్పుకో. అవ్వ కండ్లజోడు పగిలింది, వచ్చేటప్పుడు కొత్తది తే.

నువ్వు కెప్టెన్ అయితే కోత పండుగకు పుంజును ఇస్తానని అవ్వ మొక్కుకున్నది కదా. పండుగ దాకా ఆగకుండా నిన్న ఆదివారమే చర్చికి పట్టుకపోయింది.

"ఏ సంగతికి కరుణమ్మా ఈ కానుక?" అని పాస్టరు గారు అడిగారు.

"మా ఎస్తేరు కెప్టెన్ కాలేదు అయ్యగారూ, గందుకే తెచ్చిన" అన్నది.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను బిడ్డా.

ఇకమీదట మంచిపని చేస్తే మా దగ్గర దాచకు. ప్రభువు నీకు నేల మీద, ఆకాశంలో తోడుండాలి.

తాత యెషయా