పుస్తకం అమ్ముడుపోని జర్మనీ పంతులు

సరళా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున దుమ్ముగూడెంలో నువ్వు లెక్కలు చెప్పిన ఆశ్రమ పాఠశాలకు వెళ్ళాను. నీ శిష్యురాలు ముత్తమ్మ ఇప్పుడు అక్కడే లెక్కల టీచర్. "సారూ, మేడం చెప్పిన జర్మనీ పంతులు కథ ఇయ్యాల పిల్లలకు చెప్తున్న. వచ్చి కూసోండి" అని ఫోన్ చేసింది.

వెనక బెంచీలో కూర్చున్నాను. జ్యామితి పొడవు, వెడల్పు, ఎత్తులతో ఆగిపోదని, ఎన్ని కొలతలైనా ఉండవచ్చని పందొమ్మిదో శతాబ్దంలోనే ఆ జర్మనీ పంతులు పుస్తకం రాశాడని ముత్తమ్మ చెప్పింది. ఎవరూ కొనకపోతే, అచ్చువేసినవాళ్ళు మిగిలిన ప్రతులను చిత్తుకాగితాల కింద వాడేశారట. యూనివర్సిటీ ఉద్యోగం రాలేదు. బడిపంతులుగానే ఉండిపోయి, పెద్దవయసులో సంస్కృతం మీద పడి ఋగ్వేదాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. ఆయన లెక్కల విలువ లోకానికి బాగా తెలిసింది ఆయన పోయాకే.

నీకు లెక్చరర్ పోస్టు రాని రోజు నాకు ఈ కథే చెప్పి నవ్వావు. "నేనే నయం, పుస్తకం గూడ రాయలే" అన్నావు.

ముందు వరుసలో ఒక పిల్ల లేచి, "మరి ఆయనకు బాధ కాలేదా టీచర్?" అని అడిగింది.

"ఎందుకు కాదు? మస్తు బాధైంది. ఆ బాధతోనే తెల్లారి బడికి పోయి, బోర్డు తుడిచి పాఠం మొదలుపెట్టిండని మా మేడం చెప్పింది."

నాకు చెప్పిన కథలో ఈ ముక్క లేదు సరళా. లెక్చరర్ పోస్టు రాలేదని తెలిసిన మర్నాడు నిన్ను బండి మీద బడి దగ్గర దింపింది నేనే. దిగి, కుచ్చిళ్ళు సర్దుకుని, వెనక్కి చూడకుండా లోపలికి నడిచావు.