వంటింటి కింద శత్రువు

కురే, జపాన్, నవంబరు 1946

గృహ స్వాధీన విభాగం కెప్టెన్ ప్రాసర్ గారి సముఖానికి,

కొండమీద ఆకులు ఎర్రబడ్డాయి. ఈ చలిలో తమరి మోకాళ్లు కులాసాగా ఉన్నాయని తలుస్తాను. మా ఇల్లు తమ ఆఫీసర్ల కోసం తీసుకున్నారు. యుద్ధం ఓడిపోయాం కాబట్టి ఇల్లు అడగను. నేనూ కోడలూ మనవరాలూ వెనక కట్టెల పాకలో సర్దుకున్నాం. కానీ వంటింటి నేల పలకల కింద నా పీపా ఉండిపోయింది. అందులో కిందటేడు తవుడూ ఉప్పూ వేసి ముల్లంగి ఊరబెట్టాను. ఈ చలికాలం మా ముగ్గురికీ అదే ఆధారం. దయచేసి ఇప్పించండి.

విధేయురాలు,
మొరివాకి కినుయే

తా.క.: పీపా మూతమీదున్న రాయిని మీవాళ్లెవరూ కదపకుండా చూడండి. కదిపితే ఇక నేనేం చేయలేను.

*

శ్రీమతి మొరివాకి గారికి,

ఉత్తరం అందింది. ఇంట్లో ఏదో ఘాటు వాసన వస్తోందని ఆఫీసర్లు కూడా గోల పెడుతున్నారు. రాయి కదిపితే ఏమవుతుంది? అది పెట్టమని మీకెవరు చెప్పారు? ఆకులు ఎర్రబడటానికీ నా మోకాళ్లకూ ఏమిటి సంబంధం? ఇది సంకేత భాష అయితే ఇప్పుడే ఒప్పుకోండి, మర్యాదగా ఉంటుంది.

ఇట్లు,
కెప్టెన్ డడ్లీ ప్రాసర్

తా.క.: నా మోకాళ్ల నొప్పుల సంగతి బయటికెలా పొక్కింది?

*

కెప్టెన్ గారికి,

తొలి మంచు పడింది. తమరి మోకాళ్ల ఊసెత్తను. ఉత్తరం రాస్తే ముందు కాలం సంగతి చెప్పడం మా మర్యాద. సంకేతమూ లేదు, నా మొహమూ లేదు. ముల్లంగి ఊటలో మునిగి ఉండాలని రాయి పెట్టమన్నది మా అత్తగారు. ఆవిడ పోయి చాలా కాలమైంది కాబట్టి అరెస్టు చేయలేరు. అందులో బాంబు లేదు బాబూ, ముల్లంగి ఉంది. మా మనవరాలు ఉత్త గంజి చూసి మొహం తిప్పేసుకుంటోంది. గుమ్మం బయటే నిలబడి తీసుకుంటాను, ఇప్పించండి.

కినుయే

తా.క.: అనుమానమైతే వీధిలో ఎవరినైనా అడగండి. ప్రతి ఇంట్లోనూ నేల కింద ఇలాంటిది ఒకటి ఉంటుంది.

*

శ్రీమతి మొరివాకి గారికి,

మీ తాజా కలం చదివి మా జనరల్ గారు భోజనం మానేశారు. వెంటనే నాలుగు దేశాల సంఘం వేశాం. బ్రిటిష్ మేజరు విషవాయువు అన్నారు. ఆస్ట్రేలియా మేజరు మందుగుండు అన్నారు. న్యూజిలాండ్ మేజరు ఇద్దరితోనూ ఏకీభవించారు. భారతీయ మేజరు మాత్రం ఒక ముక్క కొరికి, ఊరగాయే, కాస్త కారం పడాల్సింది అన్నారు. మెజారిటీ ప్రకారం అది ఆయుధమని తేలింది. ముసుగులు తగిలించుకుని, పడవలో తీసుకెళ్లి నడి సముద్రంలో పారేశాం. అయినా వాసన తగ్గలేదు, రోజురోజుకూ పెరుగుతోంది. కాబట్టి ఈ ఇల్లు మనుషుల నివాసానికి పనికిరాదని ప్రకటించి, మీకు తిరిగి ఇచ్చేస్తున్నాం.

ఇట్లు,
ప్రాసర్

తా.క.: కృతజ్ఞతగా నాలుగు ముక్కలు రాసి పంపవలెను. జనరల్ గారు పత్రికల వాళ్లకు చూపిస్తారు.

*

కెప్టెన్ గారికి,

ఉత్తరపు గాలి మొదలైంది. ఇల్లు ఇచ్చినందుకు వంగి దండం పెడుతున్నాను. కోడలు నేల పలకలు ఎత్తి చూసింది, అక్కడ ఏ వాసనా లేదు. పెరటివైపు వెళ్లాక అసలు సంగతి తెలిసింది. మా మరుగుదొడ్డి గుంట ఎత్తిపోయడానికి ఒక రైతు కావడి వేసుకుని వచ్చేవాడు, తన పొలానికి ఎరువని. తమరి కావలివాళ్లు గూఢచారి అనుకుని తుపాకీ చూపించి తరిమేశారట. ఆ మానవుడు మళ్లీ ఈ వీధి తొక్కలేదు. గుంట నిండి పొర్లుతోంది. ఆ ఆయుధం మేం చేసింది కాదు బాబూ, నాలుగు దేశాల ఆఫీసర్లూ కలిసి చేసింది.

కినుయే

తా.క.: పత్రికల వాళ్లకు ఇది చూపించండి: మేం తినాల్సింది సముద్రంలో పారేశారు, తమరు తిన్నది మాకు వదిలిపెట్టి వెళ్లారు.