అట్ట మీద నా పేరు

అన్నయ్యా,

ఇన్నేళ్ల తర్వాత నా పాటలు మళ్లీ రికార్డుగా వచ్చాయి. నువ్వు ఇష్టపడే పెద్ద నల్ల రికార్డే. నిన్న భవానీపూర్‌లో ఒక రికార్డుల కొట్టులో విడుదల చేశారు. వాట్‌గంజ్ నుంచి వదిన కూడా వచ్చింది.

నువ్వు పోయాక నీ కోసం కట్టిన బ్లూస్ పాట అందులో ఉంది. దాని మధ్యలో కాసేపు గిటార్ ఒక్కటే మోగుతుంది. స్టూడియోలో కీళ్లవాతంతో నా వేళ్లు వంగలేదు. చివరికి ఆ భాగం వేరొకతను వాయించాడు. అట్ట మీద మాత్రం గిటార్ అన్నచోట నా పేరొక్కటే వేశారు. నేను వద్దనలేదు.

కొట్టులో ఆ పాట వేస్తే వదిన కళ్లు మూసుకుని విన్నది.

"ఏటి బాబూ, వేళ్లు ఇంత బాగైపోయాయా? మీ అన్నయ్య నేర్పింది ఒక్కటీ మర్చిపోలేదు నువ్వు," అంది.

నిజం నోటిదాకా వచ్చింది. చుట్టూ బెంగాలీ జనం "దాదా, దాదా" అంటూ సంతకాల కోసం నిలబడ్డారు.

"బాగైపోయాయి వదినా," అన్నాను.

ఆవిడ తన రికార్డు చాపింది. "మీ అన్నయ్య పేరు రాసియ్యి బాబూ. ఫొటో కాడ పెట్టుకుంటాను."

పెన్ను పట్టు చిక్కలేదు. నీ పేరు వంకరటింకరగా వచ్చింది. వదిన ఆ అక్షరాలనూ, నా వేళ్లనూ చూసింది. పెన్నుకు తనే మూతపెట్టి నా జేబుకు తగిలించింది.

నేను తలెత్తలేకపోయాను.