షీటు అనగా తాడు

నార్ఫోక్ తీరాన సాల్ట్‌హైత్ రేవులో, తాళ్ళకొట్టు సందులో కాపురముంటున్న, కీర్తిశేషులు ఏబెల్ లార్టర్ కుమార్తెను, అవివాహితను, అరవై ఎనిమిదేళ్ళ కెజయా లార్టర్ అను నేను రాయించుకుంటున్న ఆఖరి వీలునామా. నా బుర్ర సరిగానే ఉంది. గుండె సరిగా లేదని డాక్టరు అంటున్నాడు గాని, వీలునామా గుండెతో రాయరు కనుక ఇబ్బంది లేదు. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగిన ఒకే ఒక్క మనిషి మా అన్నయ్య జేబెజ్, ఆయన పోయి పదిహేడేళ్ళయింది. ఇంతకు మునుపు నేను రాసినవీ, రాస్తానని బెదిరించినవీ అన్నీ ఇందుమూలంగా రద్దు.

దీన్ని రాస్తున్నది లాయరు ప్లేఫర్డ్ గారు. నేను చెప్పిన మాట చెప్పినట్టే రాయాలనీ, వృత్తి కొద్దీ దానికి మెరుగు పెట్టకూడదనీ మా ఒప్పందం. అన్నయ్య వీలునామాకి ఒక లాయరు మెరుగు పెట్టాడు. దాని ఫలితం ఆరో అంశంలో వస్తుంది.

1. ముందుగా మాటకి అర్థం. ఈ దస్తావేజులో "షీటు" అని ఎక్కడ కనిపించినా అది తాడు. పడవలో తెరచాపని లోపలికి లాగడానికీ, బయటికి వదలడానికీ చేత పట్టుకునే తాడు. చాప కాదు, గుడ్డ కాదు, పక్కమీద పరిచేది అసలే కాదు. పక్కమీద పరిచేదాన్ని ఇందులో దుప్పటి అనే రాయించాను. ఈ తేడా రేవులో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. నాలుగు మైళ్ళు లోపలికి వెళితే ఎవరికీ తెలియదు. అన్నయ్య భార్య, అనగా మా వదిన డోర్కాస్, లోపలి పల్లెలో బీటుదుంపలు పండించే ఇంట పుట్టింది. అన్నయ్య పిలిపించిన లాయరుది సంత జరిగే ఊరు. ఇద్దరికీ తెలియదు.

2. నేనుంటున్న ఇల్లు, వెనక పెరడు, అందులోని రెండు పుల్ల ఆపిలు చెట్లతో సహా అన్నయ్య కూతురు, నా మేనకోడలు రోడా లార్టర్‌కి సర్వహక్కులతో చెందవలెను. తూర్పుగాలి వీస్తే పొయ్యి పొగంతా ఇంట్లోకే వస్తుంది. బాగు చేయించకూడదు, గాలి మారిందని తెలియడానికి అదే ఆధారం. రోడా బడిలో పాఠాలు చెబుతుంది. పెళ్ళి మాటెత్తితే కిటికీలోంచి మబ్బుల్ని చూస్తుంది. ఈ వీలునామాని అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే.

3. చాపలు కుట్టే నా సూదులు, అరచేతికి తొడిగే తోలుపట్టీ, మైనంముద్ద, తాళ్ళ పేటలు విప్పే కొమ్ము, ఇవన్నీ చాపలకొట్టులో ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చుని కుట్టిన ఐవీ టూలీకి. ఐవీ నా సూదులు అడక్కుండా వాడుకునేది. ఇక మీదట అడక్కుండా వాడుకోవచ్చు.

4. రేవు పడవల క్లబ్బు కార్యదర్శి హోరేస్ బులిమోర్ గారికి, అన్నయ్యా నేనూ కలిసి పందెపు పడవ నడిపే రోజుల్లో ఆయనే మాకు బహూకరించిన ఇత్తడి కొక్కెం, ఒక్కసారీ వాడనిది, తిరిగి ఇచ్చేస్తున్నాను. షీటుని దానికి చుట్టి బిగించెయ్యవచ్చు, చెయ్యి నొప్పి పుట్టదు. కాని పందెంలో షీటు ఎప్పుడూ చేతిలోనే ఉండాలి. కట్టేస్తే గాలి ఒక్క విసురు విసిరినప్పుడు వదిలే వ్యవధి ఉండదు, పడవ బోర్లా పడుతుంది. ఈ సంగతి తెలిసే ఆయన దాన్ని మాకిచ్చాడని నా నమ్మకం. పందెంలో తన పడవ మా వెనక వచ్చిన ప్రతిసారీ గట్టు మీద నిలబడి, "పగ్గాలు ఆడదాని చేతికిచ్చి జేబెజ్ వెనక కూర్చున్నాడ్రోయ్!" అని నలుగురూ వినేలా అరిచేవాడు. "వెనకున్నది మీరు కదా బులిమోర్ గారూ, మాకు వెనక," అనేవాడు అన్నయ్య. ఈ ముక్క తీసేద్దామని ప్లేఫర్డ్ గారన్నారు. ఉంచాలి.

5. డాబ్‌చిక్ అను పందెపు పడవ. అది నాది కాదు కనుక నేనిచ్చేదేమీ లేదు. అన్నయ్య తన చేత్తో కట్టాడు, వదినకి రాశాడు, వదిన కూతురికి ఇచ్చింది. ఇన్నేళ్ళూ షెడ్డులో బోర్లా పడి ఉన్నదాన్ని రోడా ఈ వేసవిలో తిరగేసి రంగు వేసింది. వచ్చే వసంతంలో శనివారం పందేలకి దింపాలని ఆమె పట్టుదల. అయితే ఆ పడవకి తాళ్ళు వేసే తీరు దాని పొట్ట మీద రాసి లేదు. ఇప్పుడు అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ తీరుని నా చరాస్తిగా లెక్కించి రోడాకి దఖలు పరుస్తున్నాను. వివరం:

ఆ రోజుల్లో చిన్న పందెపు పడవలన్నిటికీ పెద్ద చాప షీటు వెనక నుంచే వచ్చేది. చాప అడుగు వాసం చివర నుంచి కిందికి దిగి, పడవ వెనక అంచున అడ్డంగా ఉన్న ఇనపకడ్డీ మీద జారే కప్పీలోంచి, చుక్కాని పట్టినవాడి చేతికి చేరేది. వాడికి ఒక చేతిలో చుక్కాని, ఒక చేతిలో గాలి. ముందు కూర్చున్నవాళ్ళకి దక్కేవి ముందు చాప తాలూకు చిన్న షీట్లు, నీళ్ళు తోడిపోసే డబ్బా, తిట్లు. అన్నయ్య ఫ్రాన్సు యుద్ధం నుంచి ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేకుండా వచ్చాడు. చుక్కాని పిడి కుడిచేత్తో పట్టగలడు, రెండో చేత్తో తడితాడు లాగలేడు. "ఇక గట్టు మీద కూర్చుని చప్పట్లు కొడతానులేవే. బొటనవేలు లేకపోతే అవీ సరిగ్గా మోగవు," అన్నాడు.

అందుకని పెద్ద షీటుని నేను ముందుకి నడిపించాను. వాసం చివర ఒక కప్పీ, వాసం నడుమ ఒక కప్పీ, పడవ పక్కకి కొట్టుకుపోకుండా మధ్యలోంచి నీళ్ళలోకి నడిపలక దించే పెట్టె మీద ఒక కప్పీ, అక్కణ్ణుంచి నా కుడిచేతిలోకి. చిన్న షీట్లు రెండు పక్కలా కర్ర కన్నాల్లోంచి వస్తాయి, వాటిలో పనిలో ఉన్నది నా ఎడమచేతిలోకి. అన్నయ్య దారి చూసుకునేవాడు, నేను గాలి చూసుకునేదాన్ని. ఎదురుగాలికి ఏటవాలుగా వెళ్ళేటప్పుడు పెద్ద షీటు మీద నేను కుట్టిన ఎర్ర ఉన్నిదారం సరిగ్గా కప్పీ నోటి దగ్గరకి రావాలి. అంతకు మించి లాగితే పడవ గింజుకుంటుందే తప్ప కదలదు. విసురు వస్తే ముందు పెద్దది వదలాలి, ఆ తరవాత చిన్నది. ఏదీ కట్టెయ్యకూడదు. రోడా ఇది రెండుసార్లు చదువుకోవాలి.

6. పన్నెండు లినెన్ దుప్పట్లు. ఇవి నా దగ్గరికి ఎలా వచ్చాయో చెప్పకుండా ఎవరికి ఇచ్చినా అర్థం కాదు.

అన్నయ్య ఆఖరి జబ్బులో నాతో, "పడవ డోర్కాస్‌కి, షీట్లు నీకు. ఇద్దరూ కలిస్తే గాని అది కదలదు, ఇక మీ ఇష్టం," అని నవ్వాడు. లాయరుతోనూ "నా షీట్లు మా చెల్లెలికి" అనే అన్నాడు. లాయరు ఆ మాటని గృహవస్త్రాల కింద చేర్చి, "ఇంటిలోని సమస్తమైన షీట్లు" అని మెరుగు పెట్టాడు. ఆయనా ఇప్పుడు లేడు, దేవుడు ఆయన పక్కని మెత్తగా ఉంచుగాక.

అన్నయ్యని మట్టి చేసిన మర్నాడు పాలబండిలో నా గుమ్మానికి పన్నెండు దుప్పట్లు వచ్చాయి. వదిన పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చినవి, మూలమూలా ఆమె పేరులో మొదటి అక్షరం కుట్టినవి. ఒకటి అప్పుడే పక్కమీంచి లాగినట్టు నలిగి ఉంది. షీట్లు రాలేదు. పెళ్ళీ పెటాకులూ లేనిదానివి, పక్కగుడ్డలైనా ఉంచుకో అని నన్ను వెక్కిరించిందనుకున్నాను. వారం తిరక్కుండానే వదిన తన పెరట్లో రెండు గుంజలకి మా పెద్ద షీటు కట్టి దాని మీద బట్టలారేసింది. ఎర్రదారం మా వంటింటి కిటికీలోంచి కనబడేది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఆ అర్ధమొగుడి తాడు మీద లంగాలు ఆరేస్తుందా అని పళ్ళు నూరుకున్నాను.

ఆనాటి నుంచి నేను ఆమెతో మాట్లాడలేదు, ఆమె నాతో మాట్లాడలేదు. మా రెండిళ్ళ మధ్య సందు ఒక్క బండి పట్టేంత. సోమవారం సోమవారం ఆ తాడు మీద ఆరే బట్టలు చూస్తూనే ఉన్నాను. కంబళ్ళు ఆరేవి, తువ్వాళ్ళు ఆరేవి, రోడా బడి గౌన్లు ఆరేవి. దుప్పటి ఒక్కటీ ఆరేది కాదు. ఎందుకని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

మొన్న సెప్టెంబరులో రోడా నా దగ్గరికి వచ్చింది. "అత్తా, నాన్న పడవలో పెద్ద షీటు ఎటునుంచి ఎటు పోయేదో చెప్పవా?"

"మీ అమ్మనడుగు. దాన్ని బట్టల తాడు చేసింది ఆవిడేగా," అన్నాను.

"అదా షీటు?" అంది పిల్ల. "అత్తా, అమ్మ షీట్లంటే దుప్పట్లనుకుంది. నాన్న నీకిమ్మన్నాడని ఇంట్లో ఉన్నవన్నీ పంపేసింది. తన పక్కమీదది కూడా. కొత్తవి కొందామే అంటే, మొగుడు వద్దన్న సుఖం నాకెందుకు అంటుంది. ఇప్పటికీ ఒట్టి పరుపు మీద కంబళి వేసుకునే పడుకుంటోంది," అంది.

నేను చెబుతానులే, నువ్వు చెప్పకు అని రోడా చేత ఒట్టు వేయించుకున్నాను. నెలన్నరయినా చెప్పలేదు. సందు దాటడం నా వల్ల కాలేదు.

కావున సదరు పన్నెండు దుప్పట్లు, ఒక్కటీ పరవనివి, నలిగినదాన్ని ఉతికి ఇస్త్రీ చేసి పెట్టినది, లావెండరు పొట్లాలతో సహా నా తదనంతరం డోర్కాస్ లార్టర్‌కి చేరవలెను. రోడా ఆమెకి షీటు అంటే ఏమిటో నెమ్మదిగా వివరించవలెను. పెద్ద షీటూ చిన్న షీట్లూ అన్నయ్య మాట ప్రకారం నావి కనుక వాటిని రోడాకి ఇస్తున్నాను. పెద్దదాన్ని బట్టలారేసే గుంజల నుంచి విప్పి తీసుకోవలెను.

ఇంతవరకు రాసి ప్లేఫర్డ్ గారు కలం కింద పెట్టారు. "మిస్ లార్టర్, ఈవిడ మీ ఎదురిల్లే కదా?" అన్నారు. అవునన్నాను. "మరి దుప్పట్లు సందు దాటడానికి మీరు పోవాలా?" అన్నారు. రాయమన్నానే గాని అడగమనలేదని చెప్పి ఆ పూటకి ఇంటికి వచ్చేశాను.

7. నన్ను అన్నయ్య పక్కన పూడ్చాలి. ఆయనకి ఒక పక్క చోటు వదినది, అందులో తగాదా లేదు. రెండో పక్కన నన్ను, కాస్త ముందుకి జరిపి పెట్టాలి. పడవలో నేనెప్పుడూ ఆయనకి ముందే కూర్చునేదాన్ని.

కొట్టివేతలు, దిద్దుబాట్లు

ఆరో అంశంలో దుప్పట్ల పంపకం కొట్టివేయడమైనది. కారణం, సదరు సొత్తు మొన్న ఆదివారం చర్చి అయ్యాక నా చేతుల మీదుగానే సొంతదారుకి చేరిపోయింది.

చక్రాల బుట్టలో పెట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను. వదిన తలుపు తీసి బుట్టనీ నన్నూ చూసింది. "ఏం, ఇన్నేళ్ళకి మాసిపోయాయా?" అంది.

"మాయలేదు వదినా. ఒక్కరోజూ పరవలేదు."

"మరి పెట్టుకుని ఏం చేశావు?"

"కోపం పెట్టుకున్నాను," అన్నాను. ఆ గుమ్మంలోనే ఉన్నదున్నట్టు చెప్పాను, షీటు అంటే తాడని. ఆమె ఒక్కసారిగా, "తాడుని తాడనకుండా షీటనడమేంటమ్మా, మీ రేవోళ్ళ మొహాలు మండ!" అని కేకేసింది. కేకేసి మెట్టు మీద కూలబడి, పై దుప్పటి ఒళ్ళో వేసుకుని, దాని మూలనున్న అక్షరం వేలితో రుద్దుతూ, "అయితే ఆయన నా దుప్పట్లు లాక్కోలేదా కెజయా? నా మీద కోపంతో పోలేదా?" అంది.

పోలేదని చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. దీన్ని కూడా రాయమని ప్లేఫర్డ్ గారికి చెప్పాను.

షీట్లకి సంబంధించిన వాక్యం కూడా దిద్దడమైనది. కారణం, నిన్న సోమవారం తెల్లారేసరికి వదిన పన్నెండు దుప్పట్లూ ఉతికేసింది. నేను తాడు విప్పుకుందామని పెరట్లోకి వెళ్ళాను. తడి దుప్పట్ల బుట్ట చంకనెత్తుకుని ఎదురొచ్చి, "నీ తాడేగా, తీసుకుపో తల్లీ. మరి వీటిని నీ నెత్తి మీద ఆరెయ్యమంటావా?" అంది. ఆలోచిస్తే నిజమే. దుప్పట్లు వచ్చాక తాడు పోతే ఆమెకి లాభమేమిటి? ఎండలో వానలో పాడవకుండా ప్రతి సోమవారం సాయంత్రం దాన్ని విప్పి లోపల పెట్టింది కూడా ఆమేనట. తాడుని మాత్రం తిరగేసి చుట్టింది. నేర్పుతాను.

కావున ఆ వాక్యానికి బదులు ఇలా చదువుకోవలెను: చిన్న షీట్లు రోడావి. పెద్ద షీటు శనివారం పడవది, సోమవారం వదినది.

పై సంగతులన్నీ నాకు చదివి వినిపించగా విని, సరేనని, నా చేత్తో సంతకం చేస్తున్నాను. 1954 నవంబరు రెండో తేదీ, మంగళవారం, గాలి నైరుతి నుంచి.

(చేవ్రాలు) కెజయా లార్టర్

సాక్షులు:
ఎడ్మండ్ గెడ్జ్, రేవు కాపలాదారు
మార్జరీ స్టైల్‌మన్, ప్లేఫర్డ్ గారి కచేరీలో టైపిస్టు